సబ్జెక్ట్ లైబ్రేరియన్ ఉద్యోగంలో ఏం చేస్తారు? చెన్నై నుంచి నా అనుభవం

ఎం.ఎల్.ఐ.ఎస్సీ. (లైబ్రరీ సైన్స్ పీజీ) చివరి సెమిస్టర్‌లో ఉన్నానని, డిగ్రీలో చరిత్ర చదివానని రాశారు. సబ్జెక్ట్ లైబ్రేరియన్, అంటే ఒక సబ్జెక్టు వాళ్ల అవసరాలు ప్రత్యేకంగా చూసే లైబ్రేరియన్, అనే ఉద్యోగం మన దేశంలో నిజంగా ఉందా, రోజూ చేసే పనేమిటి, ఏఐ వచ్చాక అది మిగులుతుందా అన్నవి మీ ప్రశ్నలు. నేను చెన్నైలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం డిపార్ట్‌మెంట్ల పని చూస్తాను. మాది నరసరావుపేట దగ్గర ఊరు. మీ సబ్జెక్టే నాదీ కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఆ పేరుతో నోటిఫికేషన్ వస్తుందని ఎదురు చూడకండి. కాగితం మీద పోస్టు పేరు అసిస్టెంట్ లైబ్రేరియన్. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం లైబ్రరీ సైన్స్ పీజీలో 55 శాతం మార్కులు, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఉండాలి, లేదా నిబంధనల ప్రకారం చేసిన పీహెచ్‌డీ ఉంటే నెట్ నుంచి మినహాయింపు. చేరాక పని ఎలా పంచుతారన్నది ఆ లైబ్రరీ ఇష్టం. ఎక్కువ చోట్ల సర్క్యులేషన్ (పుస్తకాలు ఇచ్చి తీసుకోవడం), పీరియాడికల్స్ (పత్రికలు, జర్నళ్లు), టెక్నికల్ సెక్షన్ (వర్గీకరణ, క్యాటలాగ్ పని) అని పనిని బట్టి విడదీస్తారే గానీ సబ్జెక్టును బట్టి కాదు. నన్ను మొదట పీరియాడికల్స్‌లో వేశారు. చరిత్ర డిపార్ట్‌మెంట్ వాళ్లు పాత సంపుటాల కోసం వచ్చినప్పుడల్లా నా దగ్గరే ఆగేవాళ్లు. కొన్నాళ్లకు వాళ్ల సినాప్సిస్‌లు (పరిశోధన ప్రణాళికలు) నాకు చూపించడం, సెమినార్లకు పిలవడం మొదలైంది. ఆ తర్వాత మా లైబ్రేరియన్ గారు ఆ డిపార్ట్‌మెంట్లను నాకు రాతపూర్వకంగా అప్పగించారు. అంటే పని ముందు వచ్చింది, పేరు తర్వాత వచ్చింది. మన దగ్గర చాలామందికి ఇలాగే జరుగుతుంది.

ఇక పని సంగతి. ఒక్క ఉదాహరణ వివరంగా చెబితే మిగతాది మీకే అర్థమవుతుంది.

ఆంధ్ర నుంచి వచ్చిన ఒక రీసెర్చ్ స్కాలర్, 19వ శతాబ్దం చివర గుంటూరు ప్రాంతంలో భూమిశిస్తు మీద పనిచేస్తున్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి కదా, వాటి కోసం వచ్చాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు కిందే ఉన్నాయి కాబట్టి మన జిల్లాల పాత కాగితాల కోసం ఇప్పటికీ ఇక్కడికే రావాలి. ఆ అబ్బాయి ఇండెక్సులన్నీ తిరగేసి నా దగ్గరికొచ్చి, "మేడమ్, 1860 నుంచి 1900 దాకా గుంటూరు జిల్లా మీద ఏమీ దొరకడం లేదండీ. తగలబడిపోయాయేమో" అన్నాడు. మొహం చూస్తే జాలేసింది. గైడ్ గారికి అదే రాసి, టాపిక్ మార్చుకుంటానని అడగబోతున్నాడు.

కాగితాలు ఎక్కడికీ పోలేదు. ఆ నలభై ఏళ్లూ గుంటూరు అనే జిల్లానే లేదు. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి గోదావరి, కృష్ణా అని రెండు జిల్లాలుగా చేశారు. గుంటూరు మళ్లీ జిల్లా అయింది 1904లో. అంటే ఆ అబ్బాయికి కావలసిన బాపట్ల, పల్నాడు తాలూకాల ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ కృష్ణా జిల్లా కింద ఉంటాయి. ఒంగోలు తాలూకా అయితే 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి దానికి నెల్లూరు తీయాలి. జిల్లా పేరు మార్చి బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్, అంటే శిస్తు వ్యవహారాలు చూసిన బోర్డు రికార్డులు, వెతకమన్నాను. మర్నాటికే అతని నోట్‌బుక్ నిండడం మొదలైంది.

ఆ సమాధానం ఏ క్యాటలాగ్‌లోనూ ఉండదు. క్యాటలాగ్ చూడడం వచ్చినవాళ్లకు జిల్లా చరిత్ర తెలియకపోవచ్చు, జిల్లా చరిత్ర తెలిసిన ప్రొఫెసర్లకు ఇండెక్సు ఎలా అమర్చారో తెలియకపోవచ్చు. రెండూ తెలిసిన మనిషి లైబ్రరీలో ఒకరు ఉండాలి. నా దృష్టిలో సబ్జెక్ట్ లైబ్రేరియన్ అంటే ఇదే. ఒక శాస్త్రంలో జ్ఞానం ఎలా పుడుతుందో, ఎక్కడ అచ్చవుతుందో, ఎక్కడ ఇరుక్కుపోతుందో తెలిసి ఉండడం. కెమిస్ట్రీ వాళ్లకు పోయిన వారం వచ్చిన పేపర్ కావాలి, చరిత్ర వాళ్లకు పోయిన శతాబ్దపు ఫైలు కావాలి, లా వాళ్లకు ఒక తీర్పును తర్వాతి తీర్పులు ఏం చేశాయో కావాలి. ముగ్గురికీ ఒకే ఓరియెంటేషన్ క్లాసు చెప్పి పంపించేస్తే ముగ్గురికీ ఉపయోగపడదు.

అందుకే మనిషి రాగానే "ఏం కావాలి?" అని నేను అడగను, "ఏం చేస్తున్నారు?" అని అడుగుతాను. తమకు కావలసింది కాకుండా, మన దగ్గర దొరుకుతుందనుకున్నది అడగడం జనానికి అలవాటు. ఒకావిడ జనాభా లెక్కల పుస్తకం ఉందా అని వచ్చింది. కూర్చోబెట్టి మాట్లాడితే ఆవిడకు నిజంగా కావలసింది రైల్వే పనులకు వలసపోయిన కుటుంబాల కథ. సెన్సస్ పట్టికల్లో అది కొంతే ఉంటుంది. ఆ రోజుల్లో దేశభాషా పత్రికల వార్తల సారాంశాన్ని ప్రభుత్వం కోసం ఎప్పటికప్పుడు ఇంగ్లిష్‌లో తయారు చేసేవాళ్లు. అసలు సంచికలు దొరకని తెలుగు పత్రికల మాటలు కూడా వాటిలో మిగిలి ఉన్నాయి. అవి చూపించాను. పది నిమిషాలు కూర్చుని మాట్లాడితే ఆమెకు నెలల శ్రమ తప్పింది.

తెలుగు చదవడం రావడం మీకొక పెద్ద సౌకర్యం, దాన్ని తక్కువ అంచనా వేయకండి. చెన్నైలో తెలుగు సంపద చాలా ఉంది. ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో బ్రౌన్ సేకరించిన ప్రతులున్నాయి, మెకంజీ కైఫీయత్తులు (ఊళ్ల చరిత్రలు) ఉన్నాయి. 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం, 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మొదలైంది ఈ ఊళ్లోనే. వీటిని చదివి అర్థం చేసుకునే లైబ్రరీ సిబ్బంది మాత్రం తగ్గిపోతున్నారు. అది నన్ను నిజంగా బాధపెడుతుంది.

చదవడమంటే అక్షరాలు గుర్తుపట్టడం ఒక్కటే కాదు. పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటి మీద ఇంగ్లిష్ సంవత్సరం ఉండదు, "రక్తాక్షి సంవత్సరం" అనో ఇంకోటనో ఉంటుంది. రక్తాక్షి 1924-25లో వచ్చింది, అంతకు ముందు 1864-65లో వచ్చింది, మళ్లీ 1984-85లో వచ్చింది. కాగితం, అచ్చు, ముద్రాక్షరశాల పేరు చూసి ఏ రక్తాక్షో తేల్చాలి. లేకపోతే క్యాటలాగ్‌లో పుస్తకం వయసు అరవై ఏళ్లు తప్పుతుంది, దాని మీద ఆధారపడిన థీసిస్ కూడా తప్పుతుంది. అరసున్నా, బండి ఱ, పాత తెలుగు అంకెలు కూడా అలవాటు చేసుకోండి. చెన్నైలో పనిచేయాలంటే తమిళం చదవడం కూడా నేర్చుకోండి. నాకు మొదట్లో తమిళ బోర్డులు చదవడం కష్టంగా ఉండేది, ఇప్పుడు తమిళ పీఠికలు చదువుతున్నాను.

పుస్తకాలు కొనడం మరో పెద్ద పని. బడ్జెట్ వచ్చాక ఏ డిపార్ట్‌మెంట్‌కు ఎంత, ఎవరి సిఫారసు ముందు అని ఒత్తిడి ఉంటుంది. మొహమాటానికి పోకుండా సిలబస్, నడుస్తున్న పీహెచ్‌డీ టాపిక్‌లు, ఇప్పటికే ఉన్న పుస్తకాలు ముందు పెట్టుకుని మాట్లాడితే వింటారు. విజయవాడ, హైదరాబాద్ చిన్న ప్రచురణకర్తల పుస్తకాలు వచ్చిన ఏడాదే తెప్పించుకోండి. తక్కువ ప్రతులు వేస్తారు, తర్వాత దొరకవు. స్టాక్ వెరిఫికేషన్ (ఉన్న పుస్తకాల లెక్క సరిచూడడం) గురించి కొత్తవాళ్లు భయపడతారు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు, జీఎఫ్ఆర్ 2017 ప్రకారం, ఏడాదిలో ఇచ్చిన లేదా సంప్రదించిన ప్రతి 1,000 పుస్తకాలకు ఐదు పోవడం సహజంగానే భావిస్తారు, నిర్లక్ష్యమో మోసమో లేనంత వరకు. రాష్ట్ర యూనివర్సిటీలకు వాటి రూల్స్ వాటికుంటాయి, చేరగానే అడిగి తెలుసుకోండి.

జర్నళ్ల విషయంలో పరిస్థితి బాగా మారింది. ప్రభుత్వ సంస్థలన్నిటికీ కలిపి జర్నళ్లు కొనే పథకం, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కు 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలు. యూనివర్సిటీ లైబ్రరీల కోసం యూజీసీ పెట్టిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని చూసుకుంటోంది. చిన్న ఊళ్ల ప్రభుత్వ కాలేజీ పిల్లలకు ఇది ఎంత మేలో మాటల్లో చెప్పలేను. కానీ తలుపు తీసినంత మాత్రాన లోపలికి రారు. ఆ జర్నళ్లు తమకు వస్తున్నాయని తెలియని స్కాలర్లు నాకు ప్రతి బ్యాచ్‌లో కనిపిస్తారు. నేను డిపార్ట్‌మెంట్‌కే వెళ్లి, వాళ్ల టాపిక్‌తోనే వెతికి చూపిస్తాను. లైబ్రరీకి రమ్మని నోటీసు పెడితే వచ్చేవాళ్లు తక్కువ.

థీసిస్ సమర్పించే రోజుల్లో సిమిలారిటీ రిపోర్టు (ఇతరుల రాతలతో ఎంత శాతం కలుస్తుందో చూపేది) గొడవ ఉంటుంది. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం లోపు అయితే చర్య ఉండదని ఉంది కాబట్టి అందరూ ఆ అంకెనే పట్టుకుంటారు. కొందరు వాక్యాల్లో పదాలు అటూ ఇటూ మార్చి శాతం దించమని అడుగుతారు. నేను ఒప్పుకోను. రిపోర్టు తెరిచి ఒక్కో పేరా చూపించి, ఇది ఎవరి మాటో చెప్పండి, కొటేషన్ గుర్తులు పెట్టండి, మూలం రాయండి అంటాను. దానికి సమయం పడుతుంది, కోప్పడేవాళ్లూ ఉంటారు. అయినా ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి. పేపర్ ఎక్కడ వేయాలన్నది కూడా ఇప్పుడు మనల్నే అడుగుతున్నారు. నమ్మదగిన జర్నళ్ల పేర్లిచ్చే యూజీసీ కేర్ జాబితాను 2025లో ఆపేశారు. డబ్బు కడితే వారంలో వేస్తామనే జర్నళ్ల నుంచి పిల్లల్ని కాపాడే బాధ్యత లైబ్రరీల మీద ఇంకా పెరిగింది.

ఏఐ గురించి. ఏఐ వచ్చాక నా పని తగ్గలేదు, కొత్త రకం పని చేరింది. ఇప్పుడు స్కాలర్లు ఏఐ ఇచ్చిన రిఫరెన్సుల జాబితా పట్టుకుని ఈ వ్యాసాలు తెప్పించండి అని వస్తున్నారు. వాటిలో కొన్ని అసలు లేనే లేవు. రచయిత నిజమే, జర్నల్ నిజమే, వ్యాసం మాత్రం ఎవరూ రాయలేదు. ఎలా పట్టుకుంటానో చెబుతాను, మీకూ పనికొస్తుంది. ఇకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ 1966లో ఒకటో సంపుటితో మొదలై ఏడాదికొకటి చొప్పున నడుస్తోంది. అంటే 2011 అయితే సంపుటి 46 కావాలి. జాబితాలో 2011 పక్కన 52 అని ఉంటే అక్కడే అనుమానం వస్తుంది. తర్వాత డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే అది చూడడం, ఆ సంచిక విషయసూచిక తెరవడం. నిజమైన వ్యాసం ఏదీ విషయసూచికను తప్పించుకోదు. నాలుగైదు ఇలా కలిసి తేల్చాక ఆ స్కాలర్ ఇంకెప్పుడూ గుడ్డిగా నమ్మరు. వెతకడానికి మాటలు సూచించమనడానికి, ఇంగ్లిష్ సరిచేసుకోవడానికి ఏఐ వాడుకోమని నేనే చెబుతాను. కానీ కృష్ణా జిల్లా ఫైళ్లలో చాలా భాగం ఇంకా కట్టల్లోనే ఉంది. కట్ట విప్పే మనిషి, ఏ కట్ట విప్పాలో చెప్పే మనిషి కావాలి.

ఇదే ఊళ్లో ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పే ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేరారు. ఒక శాస్త్రం లోతుగా చదివిన మనిషి లైబ్రరీలోకి వస్తే ఏమవుతుందో ఆయన చూపించారు. గ్రంథాలయ శాస్త్రానికి ఆయన చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది, నాకు అన్నిటికన్నా ఇష్టం. బెంగళూరు వైపు చూసేట్టయితే ఆయన 1962లో అక్కడ మొదలుపెట్టిన డీఆర్‌టీసీ (డాక్యుమెంటేషన్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్) గురించి తెలుసుకోండి. మెటాడేటా, డిజిటల్ లైబ్రరీల వైపు మనసుంటే మంచి చోటు.

ఒక్క జాగ్రత్త. రెగ్యులర్ నియామకాలు చాలా నెమ్మదిగా జరుగుతాయి. కాంట్రాక్టు మీద ఏళ్ల తరబడి ఉండిపోయిన సమర్థులు నాకు తెలుసు. ఇంట్లో జీతం మీద వెంటనే ఆధారపడే పరిస్థితి ఉంటే ప్రైవేటు యూనివర్సిటీలకు, పరిశోధన సంస్థలకు కూడా దరఖాస్తు పెట్టుకుంటూ నెట్ రాయండి. నెట్ మాత్రం వాయిదా వేయకండి.

ఈ సెలవుల్లో వీలైతే మీ జిల్లా మీద ఏదైనా చిన్న అంశం తీసుకుని, దానికి సంబంధించి అచ్చయినవి, రాతలో ఉన్నవి, పత్రికల్లో వచ్చినవి ఎక్కడెక్కడున్నాయో వివరణలతో ఒక గ్రంథసూచి తయారు చేయండి. పాతిక ఎంట్రీలు చాలు, కానీ ప్రతిదీ మీ కళ్లతో చూసినదై ఉండాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లతో పాటు అది బల్ల మీద పెట్టండి. తయారయ్యాక ఇక్కడే పెడితే నేను చదివి, ఎక్కడేం కలపాలో చెబుతాను.