జపాన్‌లో పది రోజులకు ఫోన్ అద్దెకు తీసుకోవాలా?

అమ్మానాన్నలతో పది రోజులు జపాన్ వెళ్తున్నాం, ఎయిర్‌పోర్టులో ఫోన్ అద్దెకు తీసుకుంటే మంచిదా అని అడిగారు. ఆఫీసు పని మీద యొకొహామా వెళ్లినప్పుడు నేను అద్దె ఫోన్ వాడాను. తర్వాత ఇంట్లోవాళ్లతో వెళ్లినప్పుడు పాకెట్ వైఫై (వెంట పెట్టుకు తిరిగే చిన్న వైఫై పరికరం) తీసుకున్నాను. నన్నడిగితే, జపాన్‌లో ఉన్నవాళ్లు మీకు కాల్ చేయాల్సిన పని ఉంటేనే ఫోన్ అద్దెకు తీసుకోండి. లేకపోతే ఆ డబ్బు ఇంటర్నెట్‌కి పెట్టుకోండి.

ఒకప్పుడు వేరే దారి లేక తీసుకునేవారు. మన 2జీ ఫోన్లు పనిచేసే జీఎస్ఎం రకం నెట్‌వర్క్ జపాన్‌లో ఎప్పుడూ లేదు కాబట్టి అవి అక్కడ టైమ్ చూసుకోవడానికి తప్ప పనికొచ్చేవి కావు. ఇప్పుడు 4జీ ఫోన్ ఉంటే ఆ ఇబ్బంది లేదు. కాకపోతే నాన్నగారిది పాత కీప్యాడ్ ఫోన్ అయితే దాన్ని నమ్ముకోవద్దు. అక్కడ 3జీ కూడా ఎత్తేశారు, అక్కడి టెలికాం కంపెనీలు కేడీడీఐ 2022లో, సాఫ్ట్‌బ్యాంక్ 2024లో.

నాకు అద్దె ఫోన్ ఎందుకు పనికొచ్చిందంటే, టూరిస్టులకు అమ్మే సిమ్‌లు చాలావరకు డేటా మాత్రమే ఇస్తాయి, కాల్స్‌కి నంబర్ ఉండదు. నంబర్ ఉన్న సిమ్ ఇవ్వాలంటే గుర్తింపు తనిఖీ చేయాలని అక్కడ చట్టం ఉంది. అద్దె ఫోన్‌కి కూడా పాస్‌పోర్ట్ చూసే ఇస్తారు. మాకు పని ఇచ్చిన ఫ్యాక్టరీవాళ్లు వాట్సాప్ వాడరు, లైన్ యాప్ వాడతారు, అర్జెంటయితే నేరుగా ఫోన్ చేస్తారు. అలాంటి పనికి అద్దె ఫోన్ బాగుంటుంది, పైగా వచ్చే కాల్స్‌కి డబ్బు పడదు. మనం చేసే కాల్స్‌కే మీటరు తిరుగుతుంది. దిగిన రోజు, వెళ్లే రోజు రెండూ పూర్తి రోజులుగానే లెక్కేస్తారు. పోగొడితే కట్టాల్సిన మొత్తం చూస్తే కళ్లు తిరుగుతాయి కాబట్టి ఇన్సూరెన్స్ వద్దనకండి.

పాకెట్ వైఫై నలుగురికీ చవగ్గా వస్తుందని అందరూ చెబుతారు. నిజమే, కానీ అందరూ ఒకేచోట ఉన్నంతసేపే. షాపింగ్ మాల్‌లో అమ్మ వేరే ఫ్లోర్‌కి వెళ్లింది, పరికరం నా బ్యాగులో ఉంది, ఆమె వాట్సాప్ మూగబోయింది. అరగంట టెన్షన్. పెద్దవాళ్లతో వెళ్తే మనిషికో డేటా సిమ్మో, ఈసిమ్మో (కార్డు వేయకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) ఉండటమే మేలు. ఫోన్‌లో *#06# కొడితే ఈఐడీ అనే నంబర్ కనిపిస్తే ఈసిమ్ పనిచేస్తుందన్నట్టే.

మన దేశం సిమ్‌ని మాత్రం తీసి పక్కన పెట్టకండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. బయల్దేరే ముందే రోమింగ్ ఆన్ చేయించుకుని, ఆ సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. మెసేజ్‌లు రావడానికి సాధారణంగా చార్జీ ఉండదు, కాల్ ఎత్తితే మాత్రం పడుతుంది. లోన్ కావాలా అని అడిగేవాళ్లు సరిగ్గా అప్పుడే చేస్తారు!

మన సిమ్ ఉంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. డేటా సిమ్ నుంచి అంబులెన్స్ నంబర్ 119కి గానీ పోలీసుల 110కి గానీ కాల్ వెళ్లదు. రోమింగ్‌లో ఉన్న మన సిమ్ నుంచి సాధారణంగా వెళ్తుంది. స్టేషన్లలో కనిపించే ఆకుపచ్చ పబ్లిక్ ఫోన్ల నుంచి ఆ రెండు నంబర్లకూ ఉచితం. మామూలు కాల్‌కి పది యెన్‌ల నాణేలు వేయండి, వంద వేస్తే చిల్లర తిరిగి రాదు.

ఏది అద్దెకు తీసుకున్నా కౌంటర్ వేళలు ముందే చూసుకోండి. రాత్రి పొద్దుపోయాక దిగే విమానమైతే అది మూసేసి ఉండొచ్చు. తిరిగి వచ్చేటప్పుడు సెక్యూరిటీ చెక్‌లోకి వెళ్లకముందే అప్పగించాలి, లోపలికి వెళ్లాక గుర్తొస్తే వెనక్కి రావడం పెద్ద తలనొప్పి.