పన్ను ఎగ్గొట్టిన ప్రభుత్వ ఉద్యోగిని తీసేయాలా?

ప్రజల పన్నులతో జీతం తీసుకుంటూ తన పన్ను ఎగ్గొట్టేవాణ్ని ఉద్యోగంలో ఎందుకు ఉంచాలని అడిగారు. మీ కోపం న్యాయమైనదే. కానీ విజయవాడలో ఒక ప్రభుత్వ ఆఫీసులో పదకొండేళ్లు జీతాల బిల్లులు చేసిన మనిషిగా, తీసేయమని మాత్రం నేను చెప్పను.

పన్ను జీతంలోనే కోసేస్తారు కదా, ఎగ్గొట్టడం ఎలా అని చాలామందికి అనుమానం. అది ఎక్కువగా జరిగేది రిటర్న్ వేసేటప్పుడు. మా సెక్షన్‌లో ఒకాయనకి దివ్యాంగుడైన కొడుకున్నాడు. ఇంట్లో దివ్యాంగులుంటే పన్ను లెక్కలో ఆదాయం తగ్గించుకునే 80డీడీ సెక్షన్ కింద 75,000 తగ్గింపు కోసం, సదరం సర్టిఫికెట్‌కి (వైకల్య ధ్రువపత్రం) ఆ పిల్లాణ్ని ఎత్తుకుని మూడుసార్లు ఆస్పత్రి చుట్టూ తిరిగాడు. పక్క సీటతని ఇంట్లో అలాంటివాళ్లు ఎవరూ లేరు. అయినా ఎవరో ఏజెంటు మాట విని అదే తగ్గింపు రాయించుకున్నాడు. 20 శాతం శ్లాబు కాబట్టి సెస్సుతో కలిపి 15,600 వెనక్కి వచ్చింది, అందులో ఏజెంటుకి కమీషన్. ఆ సంగతి బయటపడిన రోజు ఆ తండ్రి భోజనం బాక్సు తెరవలేదు. నాకు ఇప్పటికీ మనసులో మెదులుతుంది.

రెండేళ్లకి ఆ పక్క సీటతనికి నోటీసు వచ్చింది. ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. రిటర్న్ ఎవరు నింపినా బాధ్యత పాన్ ఎవరిదో వాళ్లదే. తప్పుడు క్లెయిమ్ అని తేలితే ఆదాయపు పన్ను చట్టం కింద ఎగ్గొట్టిన పన్నుకి రెట్టింపు జరిమానా, పైన వడ్డీ.

ఉద్యోగం తీసేస్తే ఇదంతా ఎక్కణ్నించి వసూలు చేస్తారు? బకాయిని జీతంలో కోసి కట్టమని జీతమిచ్చే ఆఫీసుకే రాసే అధికారం ఆదాయపు పన్ను చట్టంలోనే ఉంది. అది వాడాలి. రెండోసారి దొరికితే ఇంక్రిమెంటు ఆపాలి, అందులో నాకు జాలి లేదు.

జీతాల బిల్లు మీద సంతకం పెట్టే అధికారిని, అంటే డీడీఓని కూడా అడగాలి. ఫిబ్రవరిలో పన్ను తగ్గించుకోవడానికి ఇంటద్దె రసీదుల కట్టలు వచ్చి పడతాయి, చాలాచోట్ల విప్పి చూసేవాళ్లుండరు. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి ఓనరు పాన్ ఉండాలి. నేను అడగడం మొదలుపెట్టాక ముగ్గురు నాతో మాట్లాడటం మానేశారు. ఆ ఏడాది పన్ను మాత్రం సరిగ్గానే కోశాం.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా చేసుంటే నోటీసు రాకముందే తప్పు సరిదిద్దుతూ అప్‌డేటెడ్ రిటర్న్ వేయించండి. 2025 నుంచి దానికి నాలుగేళ్ల గడువుంది. ఆలస్యమయ్యేకొద్దీ అదనపు పన్ను 25 శాతం నుంచి 70 శాతం దాకా పెరుగుతుంది.