‘మా ప్రభుత్వం’ అనాలా, ‘మన ప్రభుత్వం’ అనాలా?

సందేహం: ప్రమాణ స్వీకారం అయ్యాక నాయకులు మాట్లాడుతూ ఒకసారి ‘మా ప్రభుత్వం’ అంటారు, మరుక్షణమే ‘మన ప్రభుత్వం’ అంటారు. రెండూ ఒకటేనా? ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: రెండూ సరైనవేనమ్మా, కానీ రెండూ ఒకటి కాదు. వినేవాళ్లను కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’. ‘మేం సినిమాకు వెళ్తున్నాం’ అంటే ఎదుటివాళ్లు ఊరుకుంటారు. ‘మనం వెళ్దాం’ అంటే చెప్పులు వేసుకుంటారు.

1983 జనవరి 9న ఎన్టీఆర్, 2023 డిసెంబర్ 7న రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది మన ఎల్బీ స్టేడియంలోనే. ప్రమాణంలో పేరు వెంటనే ‘అనే నేను’ అని వస్తుంది. అక్కడ తికమక లేదు, బాధ్యత ఒక్కరిదే. ఆ తర్వాత జనంతో మాట్లాడేటప్పుడే ఈ చిక్కు.

‘మా ప్రభుత్వం పింఛను పెంచుతుంది’ అంటే నాకు నచ్చుతుంది. మాట ఇచ్చింది ఎవరో, రేపు ఎవరిని అడగాలో తెలుస్తుంది. ‘మనం పింఛను పెంచుతాం’ అంటే, దాన్ని అందుకునే అవ్వను కూడా పెంచేవాళ్లలో కలిపేసినట్టే. అదే రాష్ట్రం గురించో, నీళ్ల గురించో చెప్పేటప్పుడు ‘మన’ అనాలి. అక్కడ ‘మా’ అంటే జనం మనసు నొచ్చుకుంటుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మేము చేస్తాం, మనం చేస్తాం: క్రియలో తేడా లేదు. కర్తను వదిలేసి ‘మూసీని బాగుచేస్తాం’ అంటే ఎవరు చేస్తారో క్రియను బట్టి తేలదు. ‘బాగుచేద్దాం’ అంటే మాత్రం అందరూ అని అర్థమవుతుంది. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు సందర్భాన్ని బట్టి సరిపోతుంది. వేలమందికి మాట ఇచ్చేటప్పుడు కర్తను పైకి చెప్పి తీరాలి.

హిందీ ‘హమ్’లో ఈ తేడా కనిపించదు. మన హైదరాబాదీ దక్కనీలో మాత్రం ‘అపన్’ ఉంది, అంటే మనమే! ఎంత చక్కటి మాటో.

ఇంగ్లిష్ ప్రసంగాలను తెలుగు చేసేటప్పుడు ఈ చిక్కు మరీ ఎక్కువ. 1865 మార్చి 4న లింకన్ రెండోసారి అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి అక్కడి ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం ఇంకా ముగియలేదు. ఎవరి మీదా పగ పెట్టుకోకుండా, చేపట్టిన పని పూర్తిచేసి దేశం గాయాలకు కట్టు కట్టాలన్నది ఆయన చివరి మాటల సారం. ఇంగ్లిష్ ‘వి’ (we)లో ఎవరెవరు ఉన్నారో తెలుగు రాసేవాళ్లే తేల్చుకోవాలి. ‘మేము కట్టు కడతాం’ అని రాస్తే దక్షిణాది రాష్ట్రాల వాళ్లు గాయపడి కూర్చున్నవాళ్లుగానే మిగిలిపోతారు. నేనైతే ‘మనం కట్టు కడదాం’ అనే రాస్తాను.