ఆ వెండి నాణెం అసలుదేనా?

ప్రశ్న: అయ్యా, అమెరికాలోని మెయిన్ రాష్ట్ర మ్యూజియంలో వైకింగుల (వెయ్యేళ్ల కిందట నార్వే వైపు నుంచి ఓడల్లో తిరిగినవాళ్లు) నాటి వెండి నాణెం ఉందట. ఎవరో కావాలనే పాతిపెట్టారని కొందరంటారని మా అబ్బాయి చెప్పాడు. అది నకిలీదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నాణెం అసలుదేనమ్మా. పేచీ అంతా అది అక్కడికెలా చేరిందన్న దగ్గరే. 1957లో సముద్రం ఒడ్డున, గొడ్డార్డ్ అనే ఆదివాసుల పాత స్థావరంలో ఔత్సాహికుల తవ్వకాల్లో దొరికింది. మొదట ఇంగ్లండు పెన్నీ అనుకున్నారు. నార్వే రాజు ఓలాఫ్ కిర్రె కాలంనాటిదని (ఆయన ఏలుబడి 1067–1093) 1978లో గానీ తేలలేదు.

అలాంటి నాణేలు పాతనాణేల వ్యాపారుల దగ్గర కొనుక్కోవచ్చు కదా అన్నది అనుమానం. మానవశాస్త్రవేత్త ఎడ్మండ్ కార్పెంటర్ అయితే రుజువు కాలేదనే అన్నారు. నాకు మాత్రం ఒకటే సందేహం: జనాన్ని బురిడీ కొట్టించాలనుకున్నవాడు, దాన్ని ఇంగ్లండుదంటుంటే ఇరవై ఏళ్లు నోరు మూసుకుని కూర్చుంటాడా?

ఇంకో సంగతి. ఆ నాణేనికి అంచు దగ్గర కన్నం ఉండేది, తర్వాత అక్కడ రాలిపోయింది. మా నాయనమ్మ విక్టోరియా రూపాయికి కన్నం పొడిపించి నల్లపూసల్లో గుచ్చుకున్నట్టే, ఎవరో మెడలో వేసుకుని ఉంటారు. అదే చోట ఉత్తరాన కెనడాలోని లాబ్రడార్ నుంచి వచ్చిన చెకుముకి లాంటి రాయీ దొరికింది. నాణెమూ ఆ దారినే చేతులు మారుతూ దిగి ఉండొచ్చు.

వైకింగులే మెయిన్‌కు వచ్చారంటే మాత్రం ఒప్పుకోను. కెనడా దీవి న్యూఫౌండ్లాండ్‌లో వాళ్ల ఇళ్ల ఆనవాళ్లే బయటపడ్డాయి. ఇక్కడ ఈ ఒక్క నాణెమే.