మావయ్య సంగతి తర్వాత, ముందు మీ అమ్మను అడగండి

ప్రశ్న: నా వయసు 34. పుట్టిల్లు విజయనగరం, బొబ్బిలి దగ్గరి ఊరికి ఇచ్చారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో మా ఇంటికొచ్చిన చిన్నమావయ్య నాతో చెడుగా ప్రవర్తించాడు. అమ్మకు చెబితే ‘ఈ ఊసు ఎక్కడా ఎత్తకు’ అంది. మరుసటేడూ ఆయన వచ్చాడు, మళ్లీ అదే జరిగింది. ఇప్పటికీ మా ఆయన వెనక నుంచి భుజం మీద చేయి వేస్తే ఉలిక్కిపడతాను. పాప విసిగిస్తే కొట్టేస్తున్నాను, తర్వాత ఏడుస్తున్నాను. దసరా తర్వాత జరిగే మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఆ మావయ్యా వస్తాడట. ‘పెద్దవాడయ్యాడు, దండం పెట్టు’ అంటోంది అమ్మ. ఆయన్ని క్షమించడం ఎలా?

జవాబు: అమ్మా, క్షమించమని ఆయన అడిగాడా? లేదు. ఇక ఆ ప్రశ్న వదిలేయండి. దండమూ పెట్టనక్కర్లేదు.

మీ నాలుగు పేజీల ఉత్తరంలో మావయ్య గురించి అర పేజీ. మిగతాదంతా అమ్మే. తొమ్మిదేళ్ల పిల్ల ధైర్యం చేసి నోరు విప్పితే, ఆవిడ తమ్ముణ్ణి కాపాడుకుంది. మొదటి వేసవికి బాధ్యుడు ఆయన. రెండో వేసవిలో మీ అమ్మకూ వాటా ఉంది. మీరు పాతికేళ్లుగా మింగుతున్నది ఇదే.

ఉలిక్కిపడటం పిచ్చి కాదు. సొంత ఇంట్లోనే భయపడ్డ పిల్ల ఒళ్లు కాపలా కాయడం నేర్చుకుంటుంది, పెద్దయ్యాక కూడా మానదు. నిద్ర పట్టకపోవడం, చిన్నదానికే కోపం అందులోవే. అమెరికాలో 1998లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, చిన్నప్పుడు ఇలాంటివి ఎక్కువగా పడ్డవాళ్లలో డిప్రెషనే కాదు, గుండె జబ్బులూ ఎక్కువగా కనిపించాయి. అయితే ఇది తగ్గుతుంది. జరిగినదాన్ని కొద్దికొద్దిగా చెప్పిస్తూ భయం వదిలించే కౌన్సెలింగ్ ఉంది, నెలలు పట్టొచ్చు. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు, 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పాపను కొట్టడం మాత్రం ఈరోజే ఆగాలి. ఇందులో మీ మీద నాకు జాలి లేదు. చేయి లేస్తోందంటే పక్క గదిలోకి వెళ్లిపోండి.

కేసు పెట్టాలనిపిస్తే లాయర్‌ను కలవండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం వచ్చింది 2012లో, మీది అంతకు ముందుది కాబట్టి పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) కింద చూడాలి.

పండక్కి మావయ్య ఉన్న ఇంటికి పాపను తీసుకెళ్లొద్దు. పూజారిని కూర్చోబెట్టిన ఆ పొడవాటి మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, రోడ్డు పక్కన నిలబడి చూడొచ్చు, దానికి పుట్టింటి మేడే కావాలా! దసరాకు ముందే ఒక్కరే వెళ్లి, ‘రెండో ఏడు ఎందుకు రానిచ్చావు?’ అని అమ్మను అడగండి. ఏడుస్తుంది, తిడుతుంది, శాపనార్థాలూ పెట్టొచ్చు. తల్లిని నిలదీయడం పాపమనేవాళ్లుంటారు, నేను ఒప్పుకోను.

మీ ఆయనకు ఈ రాత్రే ఒక్క మాట చెప్పండి, వెనక నుంచి వస్తే పిలిచి రమ్మని. కారణం మీకు వీలైనప్పుడు చెబుదురుగాని.