వంతెన ఎక్కలేని బండికి పెద్ద టర్బో మందా?

ప్రశ్న: మాది ఉండి మండలం. 2018 నాటి బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ పికప్‌లో చేపలను ఐసు వేసి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరానికి తోలుతుంటాను. కొంతకాలంగా బండికి లాగుడు తగ్గింది. లోడుతో సిద్ధాంతం వంతెన ఎక్కేటప్పుడు నాలుగో గేరులో నిలవక మూడుకు దించవలసి వస్తోంది, నల్లపొగ కూడా వదులుతోంది. కంపెనీ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) తీసేసి అంతకన్నా పెద్దది బిగిస్తే కొత్త బండికన్నా బాగా లాగుతుందని మా మెకానిక్ అంటున్నారు. వేయించమంటారా?
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: వేయించవద్దు. ఇదే లోడుతో ఇదే వంతెనను కొత్తలో నాలుగో గేరులోనే ఎక్కిన బండి ఇప్పుడు ఎక్కడం లేదు కాబట్టి, మధ్యలో పోయినదేమిటో ముందు వెతకాలి. మీ మెకానిక్‌ది దురుద్దేశమని నేననను. నల్లపొగ చూడగానే చెయ్యి టర్బో మీదికి పోవడం షెడ్లలో మామూలే.

కిలో డీజిల్ పూర్తిగా మండటానికి సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. ఆచరణలో పొగ రాకుండా ఉండాలంటే అంతకన్నా ఎక్కువే అందాలి. నల్లపొగ వస్తోందంటే సాధారణంగా డీజిల్ పడుతోంది గానీ దానికి తగిన గాలి చేరడం లేదన్నమాట. ఆ గాలి ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు, అక్కడి నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, ఆపైన ఇంజిన్‌కు వెళ్లే దారిలో ఎక్కడైనా తగ్గిపోవచ్చు. మన డెల్టాలో మొదట అనుమానించవలసింది ఫిల్టరునే. వేసవిలో చెరువు గట్ల మీద లేచే మెత్తటి మట్టి, దాళ్వా మాసూళ్ల రోజుల్లో రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం నుంచి లేచే నూగు కలిసి, కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు పూర్తికాకముందే ఫిల్టరు కాగితాన్ని పూడ్చివేస్తాయి. దాన్ని కంప్రెసర్ గాలితో ఊది మళ్లీ మళ్లీ బిగించడం పొదుపు కాదు. ఊదినప్పుడు కాగితానికి కంటికి కనబడని చిల్లులు పడితే ఆ మట్టి నేరుగా టర్బో రెక్కలకు తగిలి, వాటి అంచులను అరగదీస్తుంది.

తరువాత చూడవలసినవి హోస్ పైపులు. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు పగుళ్లు మూసుకొని ఉంటాయి గనుక పైపు బాగానే కనిపిస్తుంది. లోడు మీద యాక్సిలరేటర్ తొక్కి లోపల ఒత్తిడి పెరిగినప్పుడు మాత్రమే పగులు విచ్చుకొని, గాలి బుసకొడుతూ బయటికి పోతుంది. పైపు చివర క్లిప్పు కింద నల్లగా, జిడ్డుగా, దుమ్ము అంటుకొని ఒక చార కనిపిస్తే లీకు అక్కడే ఉన్నట్టు భావించండి. టర్బో నుంచి గాలితోపాటు వచ్చే సన్నని ఆయిల్ తుంపర ఆ సందులోంచే కారుతుంది. ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య ఊక, పురుగులు ఇరుక్కుంటే గాలి చల్లబడదు. వేడిగాలి బరువు తక్కువ కాబట్టి దానిలో ఆక్సిజన్ కూడా తక్కువే. 20 డిగ్రీల గాలితో పోలిస్తే మే నెల మధ్యాహ్నపు 40 డిగ్రీల గాలి, ఒత్తిడి అంతే ఉన్నా, సుమారు 6 శాతం తేలిక. ఇంటర్‌కూలర్ పని చేయకపోతే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఇవన్నీ బాగుంటే, ఇంజిన్ వదిలిన పొగలో కొంత తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు మసిపట్టి తెరుచుకొని ఉండిపోయిందేమో, టర్బో ఒత్తిడిని అదుపుచేసే యాక్చుయేటర్ కడ్డీ సరిగా కదులుతోందో లేదో చూడమనండి.

టర్బోను కూడా విప్పకుండానే పరీక్షించవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఇన్‌లెట్ పైపు తీసి, షాఫ్టు కొనను వేళ్లతో పట్టుకొని కదపండి. పక్కలకు కొద్దిగా ఆడటం సహజం, ఎందుకంటే ఆ షాఫ్టు తిరిగేటప్పుడు ఆయిల్ పొర మీద తేలుతుంది. ముందుకూ వెనక్కూ స్పష్టంగా ఆడినా, రెక్కలు గూటికి రాసుకున్న గీతలు కనిపించినా టర్బో పని అయిపోయినట్టే.

అప్పుడైనా అదే పార్టు నంబరుది వేయించండి. పెద్ద టర్బో చక్రాలు బరువైనవి కావడం వల్ల వాటిని తిప్పడానికి ఎక్కువ ఎగ్జాస్ట్ (ఇంజిన్ వదిలే పొగ) కావాలి, అంటే ఇంజిన్ వేగం బాగా పెరిగితేగాని అది ఒత్తిడి ఇవ్వదు. కాలువగట్టు రోడ్ల మీదా, వంతెన ఎత్తుల మీదా మీ పికప్ తిరిగేది దాదాపు 2,000 ఆర్‌పీఎం దగ్గర. మీకు బలం కావలసిన చోటే అది మొండికేస్తుంది. పైగా శక్తి వచ్చేది గాలి నుంచి కాదు, మండిన డీజిల్ నుంచి. డీజిల్ ఎంత పడాలో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నిర్ణయిస్తుంది కాబట్టి, దాన్నీ మార్చితే తప్ప పెద్ద టర్బో వల్ల ఒరిగేది తక్కువ. మార్చితే మాత్రం పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్, క్లచ్, గేర్‌బాక్సు తమ కొలతకు మించిన వేడినీ బరువునూ మోయాలి.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దు గీస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

మీరు అడగకపోయినా ఒక మాట. చేపలకు దాదాపు సమానంగా ఐసు వేసే రోజుల్లో ఆ ఐసునూ ట్రేలనూ లోడు లెక్కలో కలుపుతున్నారా? ఒకసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించి ఆర్‌సీతో సరిచూసుకోండి.

ప్రశ్న: టర్బో పోయింది. కొత్తది కొనే స్తోమత లేదు. రిపేరు చేసినది వేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: వేసుకోవచ్చు, కానీ కోర్ (షాఫ్టు, బేరింగులు ఉండే నడిమి భాగం) మొత్తం మార్చి, మెషీన్ మీద బ్యాలెన్స్ చేసినదై ఉండాలి. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే షాఫ్టు కాబట్టి చేత్తో తిప్పి చూసి బాగుందనడం చాలదు. పాతది ఎందుకు పోయిందో తేల్చకుండా మరొకటి బిగిస్తే అదీ పోతుంది. కారణం చాలాసార్లు మసితో పూడిన ఆయిల్ పైపే గనుక దాన్ని కడిగించి సరిపెట్టుకోకుండా కొత్త పైపే వేయించండి. ఇంటర్‌కూలర్‌లో నిలిచిన ఆయిల్‌ను తప్పక వంపించాలి. లేకపోతే ఇంజిన్ ఆ ఆయిల్‌నే పీల్చి మండించుకుంటూ, తాళం తీసినా ఆగకుండా రేగిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: బండి ఆపిన వెంటనే ఇంజిన్ ఆపకూడదంటారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: లోడు మీద చాలా దూరం నడిచిన బండి విషయంలో నిజమే. ఇంజిన్ ఆగగానే ఆయిల్ సరఫరా కూడా ఆగిపోతుంది, వేడెక్కిన టర్బోలో మిగిలిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ఆపండి. ఊళ్లో నెమ్మదిగా వచ్చి ఆగినప్పుడు ఆ అవసరం ఉండదు.