ముందు నెక్ సంగతి చూడు

పాలకొల్లు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

అమలాపురంలో ఎలక్ట్రిక్ గిటార్లు, బేస్‌లు (మంద్రస్వరం పలికే గిటార్లు) తయారుచేసే కంపెనీ పెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది. పేరు, రంగు, బాక్సు నిదానంగా చూసుకోవచ్చు. ముందు నెక్ గురించి, అదే తీగలు నొక్కి వాయించే పొడుగాటి చెక్క గురించి రాస్తాను.

ఒక వానాకాలంలో నేను మన దగ్గరి చర్చి కుర్రాడికి బేస్ చేసిచ్చాను. టేకు బాగా ఆరిందనే అనుకున్నాను. మే నెలలో అతను వచ్చి ఎడమ చెయ్యి చాపాడు. చూపుడువేలి పక్కన ఎర్రగా గీతలు. ఎండలకి చెక్క కుంచించుకుపోయి, నెక్ మీద అడ్డంగా దిగ్గొట్టిన ఫ్రెట్ల, అంటే సన్నటి లోహపు కమ్మీల, చివరలు రంపం పళ్ళలా బయటికి పొడుచుకొచ్చాయి. డబ్బు తిరిగిచ్చేశాను. ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు మెదులుతుంది.

అందుకే అడితివాడు ‘ఎండిన టేకే’ అన్నా నమ్మకు. చెక్క మీద తేదీ, బరువు పెన్సిల్‌తో రాయి. గాలాడే గదిలో, నేలకి ఎత్తుగా, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చు. వారం వారం కాటా వెయ్యి. బరువు తగ్గడం ఆగేదాకా రంపం పెట్టకు. నెక్ లోపల ట్రస్ రాడ్, ఆ ఇనుప కడ్డీ ఉందిగా అనుకుంటావేమో. తీగల లాగుడుకి వంగిన నెక్‌ని అది సరిచేస్తుంది గానీ, పచ్చి చెక్క మెలి తిరిగితే ఏమీ చెయ్యలేదు.

నెక్‌ని బాడీకి జిగురుతో అతికించకు, స్క్రూలతో బిగించు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేస్తూ గిటార్ల తయారీలోకి వచ్చిన లియో ఫెండర్ ఆ పద్ధతే పట్టాడు. పాడైన నెక్ విప్పేసి కొత్తది వెయ్యొచ్చు. ఆయనకి గిటార్ వాయించడం రాదు. వాయించేవాళ్ళ చేతికిచ్చి, వాళ్ళు చెప్పింది విని మార్చుకునేవాడు. 1951లో ఆయన తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి ఆ పేరు ఫ్రెట్ల వల్లే వచ్చింది, స్వరం కచ్చితంగా పలుకుతుందని. నువ్వూ మోగే తీగ పొడవు 34 అంగుళాలుండే బేస్ చేస్తే 12వ ఫ్రెట్ సరిగ్గా సగంలో, 17 అంగుళాల దగ్గర పడాలి. టేపుతో కాదు, స్టీలు స్కేలుతో, ప్రతి ఫ్రెట్‌నీ నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర నుంచే కొలువు.

బాడీకి పనస వాడి చూడు. బొబ్బిలి వీణకి వాడేది ఆ చెక్కే. బరువు మాత్రం చూసుకో, చర్చిలో ఆరాధన అయ్యేదాకా భుజాన మొయ్యాలి పాపం.

తీగల కదలికని పట్టే పికప్ కూర్చునే గుంతకి రాగిరేకు అతికించి ఎర్త్ కలుపు. పండగల్లో సీరియల్ బల్బులు, జనరేటరు పక్కనే వాయిస్తారు మనవాళ్ళు, గుయ్యిమనే మోత తగ్గుతుంది.

మొదటి నెక్ అమ్మకు. తీగలు బిగించి ఇంట్లోనే వేలాడదియ్యి. ఈ వానలూ, వచ్చే ఎండలూ చూడనీ. మేలో పట్టుకురా, ఫ్రెట్ల అంచులు ఇద్దరం చేత్తో తడిమి చూద్దాం.

మీ పెదనాన్న